మేనరికాల ఇంట్లో వంశవృక్షం: ఒకే పెద్దాయన నాలుగు చోట్ల వస్తుంటే ఏం చెయ్యాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది ఒడిశా, ఆంధ్రా సరిహద్దులో పర్లాకిమిడి దగ్గర ఊరు, ఇప్పుడు బరంపురంలో ఉంటున్నారు. మీ నాన్నగారు సొంత అక్క కూతుర్ని చేసుకున్నారు. మీ తాతగారు మేనమామ కూతుర్ని చేసుకున్నారు. వంశవృక్షం ఎక్కిస్తుంటే తాతగారి తల్లిని కన్న తండ్రి నాలుగు చోట్ల వస్తున్నాడు, యాప్ ఏమో ఈ మనిషి ముందే ఉన్నాడంటూ ఆపేస్తోంది. ఎక్కడైనా తప్పు రాశానా, ఒకే పేరున్న ఇద్దర్ని కలిపేశానా, పాత కాగితాలు ఒడిశాలో వెతకాలా ఆంధ్రాలోనా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ రెండు పెళ్ళిళ్ళ సంగతీ నిజమైతే ఆయన నాలుగు చోట్ల రావాల్సిందే. మూడు చోట్లే వస్తే అప్పుడు అనుమానించాలి. మనిషికి ఒకే నంబరు. రెండోసారి కనబడితే కొత్త గడి గియ్యకండి, పాత నంబరే వెయ్యండి. వెతుకులాట మాత్రం మగవాళ్ళ పేర్లతో మొదలుపెట్టకండి, ఆడవాళ్ళ పుట్టింటి పేరు, పుట్టినూరు పట్టుకుని వెళ్ళండి. కాగితాలంటారా, రెండు రాష్ట్రాల్లోనూ వెతకాలి. ఎందుకో కింద చెప్తాను.

నేను ఈ సరిహద్దులోనే దస్తావేజులు రాసే పని చేశాను. భాగపంపకాలకి, మ్యుటేషన్‌కి (భూమి రికార్డులో పేరు మార్పుకి), వారసుల సర్టిఫికెట్‌కి తహసీల్ ఆఫీసులో వంశావళి అడుగుతారు, ఒడియాలో బంశాబళి అంటారు. అది రాసివ్వడం మా రోజువారీ పని. అందుకని నా పద్ధతి చరిత్రకారుల పద్ధతి కాదు. రేపు ఎవరైనా అభ్యంతరం చెప్తే నిలబడుతుందా లేదా అన్నదే నా లెక్క.

ముందు మీ నంబర్లు చూద్దాం. మీరు 1. ఎవరి నంబరునైనా రెట్టింపు చేస్తే వాళ్ళ నాన్న, దానికి ఒకటి కలిపితే వాళ్ళమ్మ. కాబట్టి మీ నాన్న 2, అమ్మ 3, తాత 4, నాయనమ్మ 5, అమ్మ తండ్రి 6, అమ్మమ్మ 7. మీ అమ్మమ్మ మీ నాన్నకి సొంత అక్క. అంటే ఆవిడ తల్లిదండ్రులు 14, 15 కొత్తవాళ్ళు కారు, 4, 5 నంబర్లవాళ్ళే. ఇక తాతగారి పెళ్ళి. తాత తల్లి 9, నాయనమ్మ తండ్రి 10. మేనరికం అన్నారు కాబట్టి ఈ ఇద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్ళు. 9 తల్లిదండ్రులు 18, 19. 10 తల్లిదండ్రులు 20, 21. అంటే 20వ గడిలో ఉన్నది 18, 21వ గడిలో ఉన్నది 19.

ఇక్కడితో అయిపోలేదు. 14 అంటే 4, 15 అంటే 5 అనుకున్నాం కదా, అమ్మ వైపు నుంచి పైకి వెళ్తే వాళ్ళ పైవాళ్ళంతా మళ్ళీ వస్తారు. 29 అంటే 9, 30 అంటే 10. ఆ ఇద్దరి తండ్రులు 58, 60. ఇద్దరూ ఆ పెద్దాయనే. 18, 20, 58, 60. ఇవే మీ నాలుగు చోట్లు.

మీ పైన నాలుగు తరాలకి గడులు 30 ఉంటాయి. మీ ఇంట్లో వాటిల్లో కూర్చునే మనుషులు 22 మందే. ఈ 22 లెక్క కుదిరిందా లేదా చూసుకోండి. కుదరకపోతే ఎక్కడో ఒక మనిషిని రెండుసార్లు ఎక్కించారు, లేదా ఇద్దర్ని ఒకరు చేశారు.

మిగతా మేనరికాలకీ ఇదే సూత్రం. మేనమామ కూతుర్ని చేసుకుంటే పుట్టిన పిల్లలకి 12, 13 గడుల్లో 10, 11 వస్తారు. మేనత్త కూతురైతే 14, 15లో 8, 9 వస్తారు. ఎనిమిది మంది ఉండాల్సిన ముత్తాతలూ తాతమ్మల తరంలో ఆరుగురే ఉంటారు. కుండమార్పిడి సంగతి ఇంకా గట్టిది. ఈ ఇంటి అన్నాచెల్లెళ్ళు ఆ ఇంటి అన్నాచెల్లెళ్ళతో మార్చుకుంటే, రెండు జంటల పిల్లలు ఒకరికొకరు మేనమామ పిల్లలూ అవుతారు, మేనత్త పిల్లలూ అవుతారు. వాళ్ళల్లో వాళ్ళకి మళ్ళీ మేనరికం చేస్తే, ఆ పెళ్ళికి పుట్టిన పిల్లలకి ఎనిమిది గడుల్లో నలుగురే మనుషులు.

అలాంటి ఇంటి వంశావళి ఒకటి నా చేతుల మీదుగా వెళ్ళింది. వరసగా రెండు తరాలు కుండమార్పిడి, మధ్యలో ఒకాయన అక్క కూతుర్ని చేసుకున్నాడు. కాగితం చూసిన గుమాస్తా ఒడియా ఆయన, వాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి పెళ్ళిళ్ళు ఉండవు. భర్త పేరు, మేనమామ పేరు ఒకటే రాశారు, దిద్దుకురండి అని వెనక్కిచ్చాడు. తప్పు కాదు బాబూ, ఇద్దరూ ఒకరే అంటే నమ్మడే. చివరికి ఆ ఇంటి పెద్దావిణ్ణే తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టాం. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేసరికి ఆయన నవ్వుకుంటూ సంతకం పెట్టాడు. మీకూ ఇది ఎదురవుతుంది. చట్టం గురించి ఎవరైనా తగువు పెడితే, 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి చుట్టరికపు పెళ్ళిళ్ళని నిషేధిస్తూనే, ఆ ఇరువురి ఆచారం ఒప్పుకుంటే చెల్లుతాయని అందులోనే రాసిందని చెప్పండి.

గీసేటప్పుడు ఒక జాగ్రత్త. తరానికో అడ్డగీత గీసి మనుషుల్ని వరసల్లో కూర్చోబెట్టకండి. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో ఆ వరసలు నిలబడవు. మీ తాత మీకు తాతా అవుతాడు, అమ్మమ్మ తండ్రీ అవుతాడు. మీ మేనత్తే మీ అమ్మమ్మ. గీత ఎక్కడ గీస్తారు? దానికి బదులు పుట్టిన సంవత్సరాల ప్రకారం పైనుంచి కిందకి దించండి. గ్రాంప్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక మనిషిని ఎన్ని పెళ్ళిళ్ళకైనా, ఎన్ని వైపుల నుంచైనా ముడిపెట్టొచ్చు, అది గొడవ చెయ్యదు. ఫోన్ యాప్‌ల్లో కొన్ని బొమ్మ గీసేటప్పుడు ఆ మనిషినే రెండు చోట్ల చూపిస్తాయి. అది బొమ్మ వరకే, లోపల మనిషి ఒక్కడే ఉంటే చాలు.

ఇప్పుడు అసలు చిక్కు. ఒకే పేరు రెండు చోట్ల కనబడితే ఒకే మనిషా, ఇద్దరా?

మన వైపు పెద్ద మనవడికి తాత పేరు పెట్టడం ఆనవాయితీ. ముగ్గురు అన్నదమ్ములుంటే ముగ్గురి పెద్ద కొడుకులూ అప్పలస్వాములే. సింహాచలం అని ఉంటే ఆడో మగో కూడా తెలీదు. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, ఒక్కోసారి తండ్రి పేరూ ఒకటే. అందుకే మనిషిని గుర్తుపట్టకండి, జంటని గుర్తుపట్టండి. అప్పలస్వామి ఊరికి పదిమంది ఉంటారు. ఫలానా ఊరి ఫలానా ఇంటి ఆడపడుచు పోలమ్మని చేసుకున్న అప్పలస్వామి ఒక్కడే ఉంటాడు. నేను ఇద్దర్ని ఒకటి చెయ్యాలంటే మూడు చూసేవాణ్ణి: భార్య పుట్టిల్లు కలవాలి, పిల్లల్లో కనీసం ఇద్దరి పేర్లు వరుస తప్పకుండా కలవాలి, ఈ రెండూ ఒకరి నోట విన్నవి కాకుండా వేరువేరు కాగితాల్లోంచి రావాలి. ఒకటి తగ్గినా రెండు గడులుగానే వదిలేసి మధ్యలో ప్రశ్నార్థకం పెట్టేవాణ్ణి. వేరుగా ఉన్న ఇద్దర్ని తర్వాత కలపడం తేలిక. కలిపేసినవాళ్ళని విడదియ్యడం నరకం, ఎందుకంటే పిల్లలు, పెళ్ళిళ్ళు, తేదీలు అప్పటికి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి.

వంశధార ఒడ్డున ఒక ఊళ్ళో ఇద్దరున్నారు, ఇద్దరికీ ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఇద్దరి తండ్రులూ నారాయణలే. ఖతియాన్‌లో, అంటే ఒడిశా భూమి హక్కుల రికార్డులో, రెండు ఖాతాలు. మనవలు ఒక మనిషివే రెండు ఖాతాలు అనుకుని కలిపి పంచుకోబోయారు. అడ్డుపడింది ఒక పసుపుకుంకుమ దస్తావేజు. పెళ్ళిలో కూతురికి మామగారు రాసిచ్చిన ఎకరం పొలం అది. అందులో కూతురి పేరు, అల్లుడి పేరు, అల్లుడి తండ్రి పేరు, ఆ తండ్రికి పక్కన పెద్ద నారాయణ అని, అందరి ఊళ్ళూ ఉన్నాయి. పెద్ద నారాయణ ఉన్నాడంటే చిన్న నారాయణ కూడా ఉండాలి కదా. అక్కణ్ణించి రెండు కొమ్మలూ విడిపోయాయి. భూమి కాగితాల్లో మగవాడికి తండ్రి పేరే ఉంటుంది, భార్య పుట్టిల్లు ఉండదు. దస్తావేజుల్లో అది దొరికేది పసుపుకుంకుమ కాగితాల్లోనే. మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే ముందు వీటికోసం వెతకండి.

పెద్దవాళ్ళని అడిగేటప్పుడు సొంతమా, వరసకా అని ప్రతి మాటకీ అడగాలి. మనకి పెదనాన్న కొడుకు, పినతల్లి కొడుకు కూడా అన్నదమ్ములే. తాతగారి తమ్ముడు అని ఒకావిడ చెప్తే సొంత తమ్ముడని రాసేసుకోకండి. ఇద్దరిదీ ఒకే కడుపా? తండ్రులు అన్నదమ్ములా? తల్లులు అక్కచెల్లెళ్ళా? ఈ మూడూ అడగండి. పైగా ఇద్దరి మధ్య రెండు చుట్టరికాలుంటే మనవాళ్ళు దగ్గరిదాన్నో, మర్యాదగా వినిపించేదాన్నో వాడతారు. పెళ్ళి తర్వాత పిలుపే మారిపోతుంది. నిన్నటిదాకా అక్క అని పిలిచినావిడ ఈరోజు అత్తగారు. మీ నాన్నగారి సంగతి అదే కదా. అందుకే మీరు ఆవిణ్ణి ఏమని పిలుస్తారు అని అడగడం కన్నా, ఆవిణ్ణి కన్నది ఎవరు, పెళ్ళి ఎక్కడ జరిగింది, పిల్లల పేర్లేమిటి అని అడిగితే నికరమైన సమాచారం వస్తుంది. మగవాళ్ళు భూమి సరిహద్దులు బాగా చెప్తారు. పుట్టిళ్ళు మాత్రం ఆడవాళ్ళనే అడగాలి, అందులోనూ ఆ ఇంటి కోడళ్ళని కాదు, బయటికి వెళ్ళిన ఆడపడుచుల్ని.

మరికొన్ని ముళ్ళు త్వరగా చెప్పేస్తాను. ఇల్లరికం వచ్చిన అల్లుడి పిల్లలు ఒక్కోసారి తల్లి ఇంటిపేరుతో కొనసాగుతారు, అప్పుడు మగ కొమ్మ అనుకున్నది నిజానికి ఆడ కొమ్మ. దత్తత వెళ్ళినవాడికి రెండు తండ్రి పేర్లు, భూమి కాగితాల్లో దత్తత తండ్రి, జాతకంలో కన్న తండ్రి. మన మేనరికాల ఇళ్ళల్లో దత్తత కూడా చుట్టాల్లోనే జరుగుతుంది కాబట్టి ఆ మనిషి రెండు కొమ్మల్లోనూ కనబడతాడు. భార్య పోతే మరదల్ని చేసుకోవడం ఉంది, ఆ పిల్లల్లో ఎవరు అక్క పిల్లలో ఎవరు చెల్లి పిల్లలో చాలా ఇళ్ళల్లో మర్చిపోయారు. మారుమనువు చాలా కులాల్లో ఉన్నదే, అయినా అడిగితే సిగ్గుపడి దాటేస్తారు, నెమ్మదిగా అడగాలి. రంగం, అంటే బర్మా, వెళ్ళినవాళ్ళ సంగతి వేరు. గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి గోపాల్‌పూర్, కళింగపట్నం రేవుల మీదుగా రంగూన్ పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. అక్కడ ఇంకో ఇల్లు పెట్టినవాళ్ళూ ఉన్నారు. 1942లో జపాన్ వాళ్ళు వచ్చాక తిరిగొచ్చిన పిల్లలు ఏ తల్లి పిల్లలన్నది కొన్ని కొమ్మల్లో ఇప్పటికీ తేలదు. తేలకపోతే తేలలేదనే రాయండి.

ఇక కాగితాలు. ఇంట్లోవి ముందు.

నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది చదివింపుల పుస్తకం. పెళ్ళిలో ఎవరెంత చదివించారో రాసుకున్న నోటు పుస్తకం. ఇంటిపేరు, పేరు, ఊరు, రూపాయలు. మేనమామ చదివింపులు పైన ఉంటాయి కాబట్టి పెళ్ళికూతురి తల్లి పుట్టిల్లు ఏదో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. వియ్యాలవారి ఊళ్ళు వరసగా ఉంటాయి. డబ్బుల లెక్క అని జనం దాచుకుంటారు, వంశం గురించి అని ఎవరికీ తోచదు. తర్వాత శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు. పెద్దకర్మ కార్డు కింద కూతుళ్ళు, అల్లుళ్ళ పేర్లు ఊళ్ళతో సహా ఉంటాయి.

తద్దినాలు పెట్టే ఇళ్ళల్లో పని ఇంకా తేలిక. తర్పణాలు వదిలేటప్పుడు తండ్రి వైపు మూడు తరాలు, తల్లి పుట్టింటి వైపు మూడు తరాలు, భార్యల పేర్లతో, గోత్రంతో చెప్పాలి. పెళ్ళిలో చదివే ప్రవరలోనూ వధూవరులిద్దరికీ మూడు తరాలు వస్తాయి. మేనమామ కూతుర్ని చేసుకుంటే ఆ పెళ్ళి ప్రవరలో పెళ్ళికొడుకు మేనమామ పేరే పెళ్ళికూతురి తండ్రిగా వినబడుతుంది, చెవి పెట్టి వినండి. మీ పురోహితుడు రాసుకున్న చీటీ ఉంటే ఫోటో తీసుకోండి. ఆ అలవాటు లేని ఇళ్ళల్లో సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడతాం కదా, అప్పుడు చెప్పుకునే పేర్ల వరస రాసుకోండి. పూరీ పండాల దగ్గర, గయలో పండాల దగ్గర యాత్రికుల పేర్లు రాసుకున్న పుస్తకాలు, బహీలు, ఉంటాయి. జిల్లా, ఊరు చెప్తే తీసి చూపిస్తారు. మగవాళ్ళ పేర్లే ఎక్కువ, కానీ ఎవరు ఎవరి కొడుకన్నది తేలుతుంది. క్రైస్తవ కుటుంబాలైతే చర్చి పెళ్ళి రిజిస్టరు చూడాలి. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు పర్లాకిమిడిలోనూ టెక్కలిలోనూ పనిచేశారు.

ప్రభుత్వ కాగితాలకి వస్తే, ఈ తేదీలు గోడకి అంటించుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. అంతకుముందు గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోది, శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం కూడా గంజాం జిల్లాలోవే. జయపురం జమీ విశాఖపట్నం జిల్లాది. విభజనలో పర్లాకిమిడి జమీనే రెండు ముక్కలైంది. ఊరు ఒడిశాకి, నదికి ఇవతల పాతపట్నం వైపు మద్రాసుకి. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న వచ్చాయి. కాబట్టి పాత దస్తావేజులో గంజాం జిల్లా అని ఉంటే అది ఈనాటి గంజాం అనుకుని బరంపురంలో వెతక్కండి, ఆ ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉండొచ్చు. మా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది ఇక్కడే దారి తప్పేవారు.

వెతికే దారి ఒకటి చెప్తాను. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో వచ్చింది, 1931లో గుణుపూర్ దాకా పొడిగించారు. నేను రాసిన వంశావళుల్లో ఆ తర్వాతి సంబంధాలు ఎక్కువగా ఆ రైలు దారి ఊళ్ళవే: టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్. అంతకుముందువి బండి మీద ఒక పూటలో వెళ్ళి రాగలిగిన ఊళ్ళవి. మీ ముత్తవ్వ పుట్టినూరు తెలియకపోతే 1931కి ముందు పెళ్ళా తర్వాత పెళ్ళా చూసుకుని ఆ ప్రకారం వల వెయ్యండి.

ఒడిశా వైపు భూమి రికార్డు భూలేఖ్ వెబ్‌సైట్‌లో ఉంది. రైతు పేరు మీద వెతకొచ్చు. అందులో తండ్రి లేదా భర్త పేరు, కులం, నివాసం ఉంటాయి. ఆంధ్రా వైపు మీభూమి వెబ్‌సైట్‌లో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు ఉంటాయి. వెనకటివి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మనుషుల పేర్ల వారీగా ఒక ఇండెక్సు, ఆస్తి వారీగా ఇంకొకటి ఉంటాయి. అందరూ ఆస్తి ఇండెక్సు చూసి వెళ్ళిపోతారు. మీకు కావాల్సింది పేర్లది, అందులో ఆడవాళ్ళ పేర్లతో వెతకండి. ఇంకా పాతవైతే భువనేశ్వర్‌లో ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్, మద్రాసు ప్రెసిడెన్సీవి చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్. పాత జనన రిజిస్టర్ల మీద మరీ ఆశ పెట్టుకోకండి, చాలా చోట్ల ఆడ శిశువు అని రాసి వదిలేశారు, పేరుండదు.

ఒడియా లిపిలో మన పేర్లు చదివేటప్పుడు కొంచెం వంగి చూడాలి. వకారం బకారమో భకారమో అవుతుంది, వెంకట అన్న పేరు భెంకటగా ఉంటుంది. ఎకారం, ఒకారాలకి అక్కడ పొట్టి పొడుగు తేడా లేదు. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి, చివర ఉన్న రావు అన్నదే ఇంటిపేరైపోతుంది, ఆనక భార్యాపిల్లలకీ అదే తగిలిస్తారు. ఓటర్ల జాబితాలో వరసగా రావులు కనబడితే అందరూ ఒక వంశం కాదు. దీనికి తిరగేసినది శిష్టకరణం కులస్తుల ఇళ్ళల్లో ఉంది. పట్నాయక్, మహంతి అన్నవి రెండు వైపులా కనబడతాయి కాబట్టి అక్కడ ఇంటిపేరు మీద ఆధారపడకుండా గోత్రం, ఊరు కలిపి చూడాలి.

తేదీల్లో ఇంకో మాయ. పాత తెలుగు కాగితాల్లో సంవత్సరం పేరే ఉంటుంది, అది అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. ధాత నామ సంవత్సరం అంటే 1876 కావొచ్చు, 1936 కావొచ్చు. తాతకి, అదే పేరున్న మనవడికి మధ్య తేడా కూడా ఇంచుమించు అంతే ఉంటుంది, కాబట్టి ఇద్దరూ కలిసిపోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం లేదు. స్టాంపు కాగితం మీద అచ్చైన రాజు బొమ్మ ఎవరిదో చూడండి, విక్టోరియానా జార్జా అన్నదాంతో తేలిపోతుంది. ఒడియా తాటాకు జాతకాల్లో పూరీ గజపతి రాజు పాలన సంవత్సరాలు, అంటే అంకాలు ఉంటాయి. అవి మామూలుగా లెక్కపెట్టేవి కావు. 1 ఉండదు, 6తోనూ సున్నాతోనూ ముగిసే అంకెలు వదిలేస్తారు, ఒక్క 10 మాత్రం ఉంచుతారు. కాబట్టి 17వ అంకం అంటే రాజు కూర్చున్న పదిహేడో ఏడు కాదు, పద్నాలుగో ఏడు.

డీఎన్ఏ పరీక్ష చేయించనా అని కూడా అడిగారు. మీ ప్రశ్నకి అది పెద్దగా పనికిరాదు. సొంత మేనబావ మరదళ్ళ మధ్య సగటున ఎనిమిదో వంతు డీఎన్ఏ కలుస్తుంది. మేనమామకీ మేనకోడలికీ నాలుగో వంతు. కుండమార్పిడి జంటల పిల్లలకీ నాలుగో వంతే. కలిసిన వంతు ఒక్కటే చూస్తే ఈ చివరి రెండిటికీ తేడా తెలీదు. పైగా తరతరాలుగా కొద్ది ఇళ్ళ మధ్యే పెళ్ళిళ్ళు జరిగితే, దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనబడతాడు. కాగితం పని అయ్యాక, తేలని కొమ్మ ఒకటి మిగిలితే, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళకి చేయించండి, మీకు కాదు.

చివరిగా యాప్ సంగతి. కలపమంటారా అని అడిగితే, పైన చెప్పిన మూడు గుర్తులూ ఉన్నప్పుడే కలపండి, కలిపేముందు ఫైలు వేరే కాపీ తీసి పెట్టుకోండి. ఏ కాగితం ఆధారంగా కలిపారో ఆ మనిషి పేరు కింద ఒక్క వాక్యం రాయండి. పని కొంత పూర్తయ్యాక ఒక ప్రతి అచ్చు తీయించి, తేదీ వేసి, ఇంటి పెద్దవాళ్ళిద్దరి చేత సంతకం పెట్టించండి. తగాదా పుట్టకముందు రాసిన కుటుంబ వంశవృక్షంలో, చనిపోయినవాళ్ళు చుట్టరికం గురించి రాసిపెట్టిన మాటని కోర్టు సాక్ష్యంగా చూడొచ్చని 1872 సాక్ష్య చట్టంలో 32వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ మాట ఉంది. తగాదా మొదలయ్యాక రాసినదానికి ఆ విలువ రాదు. మీ ఊళ్ళో పొలం ఇంకా ఉమ్మడిగా ఉందన్నారు కాబట్టి దీన్ని వాయిదా వెయ్యకండి.